లినక్స్‌కు కొత్తగా వచ్చినవారు టెర్మినల్‌ను ఎలా అలవాటు చేసుకోవాలి

లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకున్న కొద్ది రోజులకే ఏదో ఒక చిక్కు ఎదురవుతుంది. వైఫై కనెక్ట్ కాదు, లేదా స్పీకర్ నుంచి శబ్దం రాదు, లేదా డిస్క్ నిండిపోయిందన్న హెచ్చరిక వస్తుంది. పరిష్కారం కోసం వెతికితే దాదాపు ప్రతి జవాబూ 'టెర్మినల్ తెరిచి ఈ కింది కమాండ్ టైపు చేయండి' అనే మొదలవుతుంది. అర్థం కాకపోయినా దాన్ని కాపీ చేసి అతికిస్తారు; పని జరిగితే ఊపిరి పీల్చుకుంటారు, జరగకపోతే లినక్స్ మనవల్ల కాదులే అనుకుంటారు.

ఆ జవాబులు రాసేవారికి మౌస్ మీద చిన్నచూపేమీ లేదు. మీ కంప్యూటర్‌లో గ్నోమ్ ఉందో, కేడీఈ ప్లాస్మా ఉందో, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉందో వారికి తెలియదు. ఒక్కో డెస్క్‌టాప్‌లో సెట్టింగులు ఒక్కో చోట ఉంటాయి కాబట్టి, ఎక్కడ నొక్కాలో చెప్పాలంటే బొమ్మలతో సహా నాలుగైదు రకాలుగా రాయాల్సి వస్తుంది. కమాండ్లు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో అయితే ఒక్క వరుసతో సరిపోతుంది. పైగా మెనూలు మారుతూ ఉంటాయి. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు అప్పటివరకు అలవాటైన అమరిక మొత్తం మారిపోయింది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ మాత్రం, లినక్స్‌కు నమూనాగా నిలిచిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ 1971 నాటి తొలి మాన్యువల్‌లో ఏ పేరుతో ఉందో, ఈనాటికీ అదే పేరుతో అదే పని చేస్తోంది. ఒకసారి నేర్చుకుంటే మళ్లీ మళ్లీ నేర్చుకోనక్కర లేని విషయాలు కంప్యూటర్ రంగంలో చాలా తక్కువ. టెర్మినల్ వాటిలో ఒకటి.

ఈ వ్యాసంలో కమాండ్లను పలికే తీరులోనే తెలుగు అక్షరాలతో రాశాను. 'ఎల్‌ఎస్' అని ఉన్నచోట కీబోర్డుపై ఎల్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, అవి కూడా చిన్న బడిలోవి, టైపు చేయాలి. హైఫన్, చుక్క, వాలు గీత వంటి గుర్తులను ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. కమాండ్ పూర్తయ్యాక ఎంటర్ నొక్కితేనే అది అమలవుతుంది. అంతవరకు ఏం రాసినా ఏమీ జరగదు కాబట్టి రాసింది తీరిగ్గా చదువుకోవచ్చు, చెరిపేసుకోవచ్చు.

మొదట తెరిచి చూడండి

ఉబుంటు, మింట్ వంటి డిస్ట్రోలలో, అంటే లినక్స్ రకాలలో, కంట్రోల్, ఆల్ట్, టీ మీటలను కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. మిగతావాటిలో అప్లికేషన్ల మెనూలో 'టెర్మినల్' అని వెతకండి. కేడీఈలో దాని పేరు కాన్సోల్. తెరుచుకున్న కిటికీలో మీ యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, ఆ తర్వాత ~ గుర్తు, చివర $ గుర్తు సాధారణంగా కనిపిస్తాయి. దీన్నే ప్రాంప్ట్ అంటారు. ఇందులో ~ అంటే మీ హోమ్ ఫోల్డర్, $ అంటే మీరు మామూలు యూజర్‌గా ఉన్నారని అర్థం. $ స్థానంలో # కనిపిస్తే రూట్ అధికారంతో, అంటే సిస్టమ్‌లో దేన్నైనా మార్చగల అధికారంతో, ఉన్నారన్నమాట, అప్పుడు ప్రతి అక్షరమూ జాగ్రత్తగా కొట్టాలి. ఎవరైనా ఇచ్చిన కమాండ్ ముందు $ ఉంటే అది కేవలం ప్రాంప్ట్‌ను సూచించేది. దాన్ని కూడా కలిపి టైపు చేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

ఇప్పుడు పీడబ్ల్యూడీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. /హోమ్/ తర్వాత మీ యూజర్ పేరు కనిపిస్తుంది. ఇప్పుడు మీరున్న చోటు అది. ఎల్‌ఎస్ అని కొడితే ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ కనిపిస్తాయి. సీడీ డౌన్‌లోడ్స్ అని కొడితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వెళ్తారు, అయితే ఆ పేరులో మొదటి డీ పెద్ద బడిలో ఉండాలి. లినక్స్ పెద్ద బడి, చిన్న బడి అక్షరాలను వేర్వేరుగా చూస్తుంది. సీడీ తర్వాత స్పేస్ ఇచ్చి రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి వస్తారు. ఏమీ పెట్టకుండా ఒట్టి సీడీ కొడితే ఎక్కడున్నా తిన్నగా హోమ్‌కు చేరుకుంటారు. దారి తప్పానేమో అనిపించినప్పుడల్లా ఈ చివరిదాన్ని వాడండి.

ఈ దశలో నేను అందరికీ చెప్పే సాధన ఒకటుంది. తెరమీద ఒక పక్క టెర్మినల్, మరో పక్క ఫైల్ మేనేజర్ తెరిచి, రెండింటిలోనూ హోమ్ ఫోల్డర్‌నే ఉంచండి. టెర్మినల్‌లో ఎంకేడీఐఆర్ అని రాసి, స్పేస్ ఇచ్చి, మీకు నచ్చిన పేరు ఒకటి ఇచ్చి ఎంటర్ నొక్కండి. పక్క కిటికీలో ఆ పేరుతో కొత్త ఫోల్డర్ ప్రత్యక్షమవుతుంది. టెర్మినల్ మరో లోకం కాదనీ, మీరు రోజూ చూసే ఫోల్డర్లే అక్కడా ఉన్నాయనీ కళ్లారా చూస్తే సగం భయం పోతుంది. ఇకపై చేసే ప్రయోగాలన్నీ ఈ ఫోల్డర్‌లోనే చేయండి.

ట్యాబ్ మీట

కమాండ్ల కన్నా ముందు ఈ మీట అలవాటు కావాలి. పొడవైన ఫైల్ పేరు ఉంటే మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది షెల్, అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామ్, పూర్తి చేస్తుంది. ఏమీ జరగకపోతే రెండోసారి నొక్కండి: ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ చూపిస్తుంది. రెండుసార్లు నొక్కినా ఏమీ రాలేదంటే అలాంటి పేరే అక్కడ లేదు, అంటే మీరు తప్పు ఫోల్డర్‌లో ఉన్నారు లేదా స్పెల్లింగ్ తప్పింది. ఈ విధంగా ట్యాబ్ టైపింగ్ తగ్గించడమే కాదు, ఎంటర్ నొక్కకముందే తప్పు పట్టిస్తుంది. పైబాణం మీట పాత కమాండ్లను వెనక్కి తెస్తుంది. కంట్రోల్‌తో ఆర్ నొక్కి ఏవైనా రెండు అక్షరాలు కొడితే, అవి ఉన్న పాత కమాండ్‌ను వెతికి ఇస్తుంది. ఈ మూడూ తెలియకుండా టెర్మినల్ వాడితే విసుగు పుట్టక మానదు. టైపింగ్ చాలా ఎక్కువని వాపోయేవారిలో ఎక్కువమందికి ఇవి ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండు మీటల సంగతి. టెర్మినల్‌లో కంట్రోల్ సీ అంటే కాపీ కాదు, నడుస్తున్న పనిని ఆపేయడం. కాపీ, పేస్ట్ చేయాలంటే షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. ఇక అలవాటు కొద్దీ కంట్రోల్ ఎస్ నొక్కితే టెర్మినల్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. భయపడనక్కర లేదు, కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

కమాండ్‌లో వాక్య నిర్మాణం

తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇక్కడ ముందు వస్తుంది. తేడా అంతే. మొదటి పదం ఏం చేయాలో చెబుతుంది, హైఫన్‌తో వచ్చేవి ఎలా చేయాలో చెబుతాయి, చివరి పదాలు దేనిమీద చేయాలో చెబుతాయి. ఎల్‌ఎస్ -ఎల్ అంటే జాబితాను వివరంగా చూపమని. -ఏ చేరిస్తే చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లు కూడా వస్తాయి. -హెచ్ చేరిస్తే సైజులు మనకు అర్థమయ్యే ఎంబీ, జీబీ లెక్కల్లో కనిపిస్తాయి. మూడింటినీ విడివిడిగా రాయనక్కర లేకుండా ఒకే హైఫన్ వెనక కలిపి రాయవచ్చు. కాపీ చేసే సీపీకి, తరలించడానికీ పేరు మార్చడానికీ పనికొచ్చే ఎంవీకి రెండు పేర్లు ఇవ్వాలి: ముందు ఎక్కడినుంచి, తర్వాత ఎక్కడికి. ఫైల్ పేరు మధ్యలో స్పేస్ ఉంటే షెల్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది కాబట్టి అలాంటి పేరును కోట్ గుర్తుల మధ్య పెట్టాలి.

పేర్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయని విసుక్కునేవారికి ఒక మాట. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో తెరలు కాదు, కాగితంపై అచ్చు కొట్టే టెలిటైప్ యంత్రాలు వాడేవారు. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలకు మించి కొట్టలేదు. అలాంటి యంత్రం ముందు కూర్చున్నవారికి రెండక్షరాల పేరు ఎంత హాయో ఊహించుకోవచ్చు.

కంప్యూటర్ చెప్పేది చదవండి

నేర్చుకోవాల్సిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఏదని అడిగితే నేను కమాండ్ పేరేదీ చెప్పను, ఎర్రర్ సందేశం చదివే ఓపిక అంటాను. మౌస్‌తో పనిచేసేటప్పుడు ఏదైనా తేడా వస్తే చాలాసార్లు 'ఏదో పొరపాటు జరిగింది' అన్న ముక్తసరి సందేశమే కనిపిస్తుంది. టెర్మినల్ మాత్రం కారణం చెబుతుంది. కొత్తవారికి ఎదురయ్యేవాటిలో ఎక్కువ భాగం మూడే. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే మొదటి పదంలో అక్షరం తప్పింది, లేదా ఆ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదు. 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటే ఆ పేరుతో అక్కడ ఏమీ లేదు, కాబట్టి ముందు పీడబ్ల్యూడీతో ఎక్కడున్నారో, తర్వాత ఎల్‌ఎస్‌తో ఏమున్నాయో చూసుకోవాలి. 'పర్మిషన్ డినైడ్' అంటే ఆ ఫైలును తాకే అనుమతి మీకు లేదు. దీనికి వెంటనే కమాండ్ ముందు సుడో (పూర్తి అధికారంతో నడిపించే మాట, దీని సంగతి తర్వాత చెబుతాను) తగిలించడం మందు కాదు, అది మీరు నిజంగా తాకవలసిన ఫైలేనా అని ముందు ఆలోచించాలి.

ఏ సందేశమూ రాకపోతే? సీపీతో ఫైల్ కాపీ చేస్తే 'అయింది' అని కూడా అనదు, మళ్లీ ప్రాంప్ట్ చూపి ఊరుకుంటుంది. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, టెర్మినల్‌లో అది పూర్ణాంగీకారమే.

సహాయం కూడా లోపలే ఉంది. మ్యాన్ అని రాసి, స్పేస్ ఇచ్చి, కమాండ్ పేరు రాస్తే దాని మాన్యువల్ తెరుచుకుంటుంది. అందులో వాలు గీత కొట్టి ఒక పదం రాస్తే ఆ పదాన్ని వెతుకుతుంది, ఎన్ నొక్కితే తర్వాతి చోటికి వెళ్తుంది, క్యూ నొక్కితే మూసుకుంటుంది. మ్యాన్ పేజీలు మొదటిసారి చదివేవారికి కరకుగా ఉంటాయని ఒప్పుకోవాలి. మొదటినుంచి చివరిదాకా చదవడానికి రాసినవి కావవి. ఒక కమాండ్‌లో మీకు తెలియని -ఆర్ కనిపించినప్పుడు, ఆ ఒక్క ముక్క అర్థం వెతుక్కోవడానికి వాడండి. ఎక్కడో దొరికిన కమాండ్‌ను అతికించే ముందు దానిలోని ప్రతి భాగాన్నీ ఇలా చూసే నియమం పెట్టుకుంటే, నెల తిరిగేసరికి ఎవరూ పాఠం చెప్పకుండానే చాలా వస్తాయి.

తుడిచేసే కమాండ్

ఆర్‌ఎం ఫైళ్లను తొలగిస్తుంది. ఫైల్ మేనేజర్‌లో డిలీట్ నొక్కితే ఫైల్ చెత్తబుట్టలోకి వెళ్తుంది, కావాలంటే తెచ్చుకోవచ్చు. ఆర్‌ఎం‌కు చెత్తబుట్ట లేదు. ఒకసారి నేను ఒక ఫోల్డర్‌లో 'ఓల్డ్' అనే పదంతో మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేయాలనుకున్నాను. ఆర్‌ఎం ఓల్డ్* అని కొట్టాలి. ఇక్కడ నక్షత్రం గుర్తు, అంటే *, 'ఆ తర్వాత ఏమున్నా సరే' అన్న అర్థం ఇస్తుంది. చేయి తొందరలో ఓల్డ్‌కూ *కూ మధ్య ఒక స్పేస్ పడింది. షెల్ దాన్ని రెండు వేర్వేరు మాటలుగా చదివింది: 'ఓల్డ్' అనే ఫైలును తీసేయి, ఆపై ఇక్కడున్న ఫైళ్లన్నీ తీసేయి. ఓల్డ్ అనే ఫైల్ లేదని ఒక ఎర్రర్ వచ్చింది. దాన్ని చూసి ఏమీ జరగలేదనుకున్నాను. ఎల్‌ఎస్ కొడితే లోపలి ఫోల్డర్లు తప్ప ఒక్క ఫైలూ లేదు. బ్యాకప్ మూడు వారాల నాటిది.

ఆనాటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. * వాడి ఏదైనా తొలగించాలంటే, ముందు ఆర్‌ఎం స్థానంలో ఎల్‌ఎస్ రాసి ఎంటర్ నొక్కుతాను. ఏవేవి పోతాయో ఆ జాబితా చూపిస్తుంది. సరిగ్గా ఉంటే పైబాణం నొక్కి అదే కమాండ్ వెనక్కి తెచ్చి, మొదటి పదాన్ని మాత్రం ఆర్‌ఎంగా మారుస్తాను. కొత్తవారు దీనికి తోడు ఆర్‌ఎం తర్వాత -ఐ పెట్టడం మంచిది; ఒక్కో ఫైలుకూ తీసేయమంటారా అని అడుగుతుంది. ఆర్‌ఎం వెనక -ఆర్, -ఎఫ్ రెండూ కలిసి ఉన్న కమాండ్ ఎవరు ఇచ్చినా, అది ఫోల్డర్లను లోపలివాటితో సహా ఏమీ అడగకుండా తుడిచేస్తుందని గుర్తుంచుకోండి.

సుడో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కమాండ్ ముందు సుడో పెడితే అది సిస్టమ్ మొత్తాన్ని మార్చగల అధికారంతో నడుస్తుంది. పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు కొట్టే అక్షరాలకు బదులు చాలా డిస్ట్రోలలో చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పనిచేయడం లేదనుకోకండి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు సుడో తప్పదు. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో సుడో ఏపీటీ అప్‌డేట్, ఆ తర్వాత సుడో ఏపీటీ అప్‌గ్రేడ్ అని రెండు కమాండ్లు ఇవ్వాలి. పేరు చూసి మొదటిదానితోనే పని అయిపోయిందనుకుంటారు. అది కొత్త వెర్షన్ల జాబితాను మాత్రమే తెస్తుంది, ప్రోగ్రామ్‌లను నిజంగా మార్చేది రెండోది. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ ఈ పని చేస్తాయి. డిస్ట్రో మారితే బాగా మారేవి ఇలాంటి కొన్నే. పైన నేర్చుకున్నవన్నీ ఎక్కడైనా పనికొస్తాయి.

ఒక అసలైన పని చేసి చూద్దాం

డిస్క్ నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చిందనుకోండి. డీఎఫ్ -హెచ్ అని కొట్టండి. ఒక్కో డిస్క్ భాగం మొత్తం ఎంత, వాడింది ఎంత, మిగిలింది ఎంత అనే పట్టిక వస్తుంది. చివరి నిలువు వరుసలో ఒట్టి వాలు గీత ఉన్న అడ్డు వరుస మీ సిస్టమ్ ఉన్న భాగం. అది 95 శాతం దాటిందంటే స్థలం ఎక్కడ పోయిందో వెతకాలి. సీడీ కొట్టి హోమ్‌కు వచ్చి, ఈ కమాండ్ ఇవ్వండి:

డీయూ -హెచ్ -డి 1 | సార్ట్ -హెచ్

డీయూ ఒక్కో ఫోల్డర్ ఎంత స్థలం తింటోందో లెక్క వేస్తుంది. -డి 1 అంటే పై మెట్టు ఫోల్డర్ల లెక్క మాత్రమే చూపమని. అది లేకపోతే లోపలి ఫోల్డర్లన్నీ వేల వరుసల్లో దొర్లిపోతాయి. మధ్యలో ఉన్న నిలువు గీతను పైపు అంటారు: ఎడమ పక్క కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని తెరమీద చూపకుండా కుడి పక్క కమాండ్‌కు అందిస్తుంది. సార్ట్ ఆ వరుసలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేరుస్తుంది. అక్కడి -హెచ్ వల్లే 900 ఎంబీ కన్నా 2 జీబీ పెద్దదని దానికి తెలుస్తుంది. కొద్దిసేపటికి జాబితా వస్తుంది. అట్టడుగున ఒట్టి చుక్కతో ఉన్నది మొత్తం లెక్క, దానికి సరిగ్గా పైనున్నది అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్. చాలాసార్లు అది డౌన్‌లోడ్స్ అయి ఉంటుంది, కొన్నిసార్లు ఫైల్ మేనేజర్‌లో మామూలుగా కనిపించని .క్యాష్ అయి ఉంటుంది. ఆ ఫోల్డర్‌లోకి సీడీతో వెళ్లి, పైబాణంతో అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. రెండు మూడు మెట్లు దిగేసరికి దొంగ దొరుకుతాడు.

సార్ట్‌కు డిస్కుల గురించి తెలియదు, డీయూకు వరుస పేర్చడం రాదు. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు చిన్న ప్రోగ్రామ్‌లను అతికించి, ఎవరూ ముందుగా తయారుచేసి పెట్టని పనిముట్టును మీరే అప్పటికప్పుడు తయారుచేసుకున్నారు. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో యూనిక్స్‌లోకి వచ్చిన ఈ పైపు కోసమే కమాండ్ లైన్ నేర్చుకున్నా దండగ కాదని నా అభిప్రాయం. హిస్టరీ అనే కమాండ్ మీరు ఇదివరకు కొట్టినవన్నీ చూపిస్తుంది. దాని ఫలితాన్ని ఇలాగే పైపు ద్వారా పదాలు వెతికే గ్రెప్‌కు అందించి, గ్రెప్ తర్వాత ఏపీటీ అని రాస్తే, ఏపీటీ వాడిన కమాండ్లు మాత్రమే వస్తాయి. గత వారం ఏం ఇన్‌స్టాల్ చేశారో గుర్తులేనప్పుడు ఇది అక్కరకొస్తుంది.

తెర బిగుసుకుపోయినప్పుడు

మౌస్ కదలక, కిటికీలు స్పందించక డెస్క్‌టాప్ ఆగిపోతే వెంటనే పవర్ బటన్ మీదికి వెళ్లకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే చాలాసార్లు నల్లని తెరమీద లాగిన్ అడుగుతుంది. బొమ్మలు గీసే భాగం మాత్రమే ఆగిపోయిందనీ, సిస్టమ్ ఇంకా నడుస్తూనే ఉందనీ దాని అర్థం. అక్కడ లాగిన్ అయి సుడో రీబూట్ ఇచ్చినా, పవర్ తీసేయడం కన్నా డిస్క్‌కు అది మేలు. రీబూట్ చేయకముందే జర్నల్‌సీటీఎల్ -బి -పి ఎర్ర్ అని ఇస్తే, ఈసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి నమోదైన తప్పుల జాబితా కనిపిస్తుంది. చివర వచ్చే పదానికి ఇంగ్లీషులో ఈ, ఆర్, ఆర్ అనే మూడక్షరాలే. సహాయం అడిగేటప్పుడు 'పనిచేయడం లేదు' అనడం కన్నా ఆ జాబితాలో సంబంధమున్న నాలుగు వరుసలు చూపిస్తే జవాబు త్వరగా దొరుకుతుంది.

మౌస్ మానేయమని నేను చెప్పడం లేదు. ఫోటోలు చూసి ఎంచుకోవడానికి మౌసే మేలు. మూడు వందల ఫోటోల పేర్లు ఒకేసారి మార్చడానికి టెర్మినల్ మేలు. ఏది దేనికో కొద్ది రోజుల్లో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక అలవాటు ఈరోజే మొదలుపెట్టండి. నానో అని రాసి, స్పేస్ ఇచ్చి, ఒక ఫైల్ పేరు ఇస్తే చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. మీకు పనికొచ్చిన ప్రతి కమాండ్‌నూ అందులో రాసుకుని, దాని పై వరుసలో # గుర్తు పెట్టి అది ఏం చేస్తుందో మీ మాటల్లో రాయండి. సేవ్ చేయడానికి కంట్రోల్ ఓ నొక్కి ఎంటర్ కొట్టాలి, బయటికి రావడానికి కంట్రోల్ ఎక్స్. # తో మొదలయ్యే వరుసలను షెల్ పట్టించుకోదు కాబట్టి, వరుసగా చేయాల్సిన కమాండ్లు కొన్నిటిని ఇలాగే వేరే ఫైలులో రాసుకుంటే, బ్యాష్ అని రాసి ఆ ఫైల్ పేరు ఇవ్వగానే అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. అదే మీ మొదటి స్క్రిప్ట్.